రాతిని కరుచుకుని బతికే చేపలు: వడి నీటి ప్లెకోలకు తొట్టి కట్టే పద్ధతి

కొనుక్కొచ్చిన ప్లెకో నెల తిరక్కుండా చనిపోయిందంటే కారణం చాలాసార్లు రెండింట్లో ఒకటి. ఊపిరాడకపోవడం, లేదా కడుపు మాడటం. తెల్లమచ్చలు, కడుపు మీద ఎర్ర మరకలు, చిరిగిన రెక్కలు ఎక్కువగా ఆ రెండింటి వెంటే వస్తాయి. మందు కోసం వెతికే ముందు ఆ రెండూ సరిచూసుకోవాలి. కొనకముందే సరిచూసుకుంటే ఇంకా మంచిది.

ప్లెకో అనగానే చాలామందికి అద్దానికి అతుక్కుని నాచు గీకే ముదురు గోధుమరంగు చేప గుర్తొస్తుంది. సక్కర్ ఫిష్ అనీ, దెయ్యం చేప అనీ పిలిచే ఆ టెరిగోప్లిక్తిస్ మురుగు కాలవలో కూడా బతికేస్తుంది. నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే పైకొచ్చి గాలి మింగి, పొట్ట గోడల ద్వారా ఊపిరి తీసుకుంటుంది. ఇక్కడ చెప్పేది దాని గురించి కాదు. లోరికారిడే అనే అదే కుటుంబంలో వెయ్యికి పైగా జాతులున్నాయి. అన్నీ దక్షిణ అమెరికాలోనూ, పక్కనే ఉన్న పనామా, కోస్టారికాల్లోనూ పుట్టినవే. వాటిలో కొన్ని రాళ్ల మీద విరుచుకుపడే నీళ్లలోనే పుట్టి అక్కడే ముసలివవుతాయి. బ్రెజిల్‌లోని షింగు నది జీబ్రా ప్లెకో, గోల్డ్ నగెట్, ఆండీస్ కొండవాగుల్లోని కీటోస్టోమా అలాంటివి. గాలి మింగి బతికే ఉపాయాన్ని వీటి విషయంలో లెక్కలోకి తీసుకోకండి. తొట్టిలో నీళ్లు చెడితే వీటికి వేరే దారి లేదు.

ఒకే నోరు, రెండు పనులు

అద్దానికి అతుక్కున్న ప్లెకో నోటిని బయటి నుంచి దగ్గరగా చూడండి. పెదవి గుండ్రంగా పరుచుకుని, దాని మీద బుడిపెలు బుడిపెలుగా కనిపిస్తుంది. రెండు పక్కలా పొట్టి మీసం, ఆ మీసం వెనక సన్నటి గాడి. పెదవి పట్టు వదలదు. ఆ గాడి మాత్రం లయగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. నీళ్లు అటు నుంచి లోపలికెళ్లి మొప్పల మీదుగా బయటికొస్తాయి. రాతిని పట్టుకోవాలన్నా, ఊపిరి పీల్చాలన్నా ఆ ఒక్క నోరే ఆధారం. సన్నటి సందులోంచి వచ్చే కాసిని నీళ్లలో సరిపడా ప్రాణవాయువు ఉండాలి. వడి నీటిలో అది ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఈ చేపల ఒళ్లు దానికే అలవాటు పడింది.

ఇప్పుడు అంకెలు. సముద్రమట్టం దగ్గర మంచినీళ్లు 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరుకు గరిష్ఠంగా సుమారు 9.1 మిల్లీగ్రాముల ప్రాణవాయువు పట్టుకుంటాయి. 25 డిగ్రీల దగ్గర 8.3, 28 దగ్గర 7.8, 30 దగ్గర 7.6. తేడా పెద్దగా లేదనిపిస్తుంది. కానీ నీళ్లు వేడెక్కేకొద్దీ చేప ఒంట్లో ఖర్చు పెరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే దాదాపు రెండింతలవుతుంది. అంటే రాబడి తగ్గుతున్న సమయంలోనే ఖర్చు పెరుగుతోంది. పైగా ఇవి నీళ్లు ప్రాణవాయువుతో పూర్తిగా నిండి ఉన్నప్పటి అంకెలు. వడపోత చెత్తతో నిండిపోయి, నీటి పైపొర కదలకుండా ఉన్న తొట్టిలో వీటిలో సగం కూడా ఉండకపోవచ్చు.

అందుకే వడి అంటే చేపను అలసిపోయేలా ఈదించడం అని అనుకోకండి. వడి చేసే పని వేరు: పైపొరను చిలికి గాలి కలపడం, రాతి సందుల్లో పేరుకున్న మలాన్ని ఫిల్టర్ దాకా ఈడ్చుకెళ్లడం. చేప మాత్రం రాయి చాటునే పడుకుంటుంది. నదిలోనూ అంతే.

ఏ నది, ఏ పళ్లు

చేపను ఎంచుకునేటప్పుడు రెండు ప్రశ్నలకు జవాబు తెలియాలి. మొదటిది, ఆ జాతి ఏ నీళ్లది? వడి నీటి ప్లెకోలన్నిటికీ ఒకే వేడిమి సరిపోదు. షింగు పల్లంలో పారే వెచ్చటి, తేటైన నది. అక్కడి చేపలకు 27 నుంచి 30 డిగ్రీలు కావాలి. కీటోస్టోమా కొండవాగు చేప, 20 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. దుకాణంలో దాన్ని రబ్బర్ లిప్ ప్లెకో అంటారు. దీన్ని 28 డిగ్రీల తొట్టిలో వేస్తే కొన్ని వారాలు బానే ఉన్నట్టు కనిపించి, ఒక పొద్దున రాతి కింద చచ్చి ఉంటుంది. ఈ రెండు రకాలనూ ఒకే తొట్టిలో కలపకండి. మధ్యస్థంగా 25 దగ్గర ఉంచుదామన్న రాజీ రెండింటికీ చెరుపే.

చాలా ప్లెకోలకు పేరుకి బదులు ఎల్ నంబరు ఉంటుంది. శాస్త్రీయ నామం రాకముందే దుకాణాలకు చేరే జాతులను గుర్తుపట్టడానికి 1988లో జర్మన్ పత్రిక దాట్స్ ఈ నంబర్లు మొదలుపెట్టింది. జీబ్రా ఎల్ 46. దానికి హైపాన్‌సిస్ట్రస్ జీబ్రా అన్న పేరు 1991లో వచ్చింది. గోల్డ్ నగెట్‌కు ఎల్ 18, ఎల్ 81, ఎల్ 177 అని మూడు నంబర్లు చలామణిలో ఉన్నాయి. బారియాన్‌సిస్ట్రస్ క్సాంథెల్లస్ అన్న పేరు 2011 దాకా రాలేదు. నంబరు తెలిస్తే నది తెలుస్తుంది, నది తెలిస్తే వేడిమి తెలుస్తుంది. "ఏదో ప్లెకో" అని అమ్మితే కొనకండి.

రెండో ప్రశ్న పళ్లు. చేప అద్దానికి అతుక్కున్నప్పుడు టార్చి వేసి చూడండి. రెండు దవడల్లోనూ సన్నటి పళ్లు దువ్వెనలా బారుగా, లెక్కపెట్టలేనన్ని ఉంటే అది పాకుడు గీకి తినేది. కీటోస్టోమా, గోల్డ్ నగెట్ ఈ రకం. పళ్లు కొద్దిగా, గరిటెల్లా వెడల్పుగా ఉంటే కొయ్యను గీకే పనాకె. పై దవడలో కోరల్లాంటి రెండు పొడుగు పళ్లు కనిపిస్తే లెపోరాకాంథికస్, రాతి సందుల్లోంచి పురుగుల్ని లాగి తినేది. హైపాన్‌సిస్ట్రస్‌కూ పళ్లు తక్కువే. అది ఎక్కువగా మాంసాహారం మీద ఆధారపడుతుంది. జీబ్రాకు కూరగాయ ముక్కలే పెడుతూ పోతే అది మెల్లగా ఎండిపోతుంది. పాకుడు తినేదానికి రోజూ రక్తపురుగులు పెడితే కడుపు ఉబ్బి చస్తుంది. పాకుడు తినేదాని పేగు ఒంటి పొడవుకి ఎన్నో రెట్లు ఉంటుంది, కొవ్వూ మాంసమూ అందులో నిలవుండిపోతాయి.

జీబ్రా గురించి ఒక మాట కచ్చితంగా చెప్పాలి. ఈ లోకంలో అది షింగు నది పెద్ద వంపు అయిన వోల్టా గ్రాండేలోనే ఉంది. దాదాపు వంద కిలోమీటర్ల ఆ వంపులోని నీళ్లలో పెద్ద భాగాన్ని బెలో మొంటే జలవిద్యుత్ కేంద్రం పక్కకు మళ్లిస్తోంది. దాని టర్బైన్లు 2016లో తిరగడం మొదలుపెట్టాయి. 2022లో పనామాలో జరిగిన సైటీస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) సమావేశం ఈ చేపను ఆ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చి, నదిలో పట్టినవాటిని వ్యాపారానికి పంపే కోటాను సున్నా చేసింది. కాబట్టి తొట్టిలో పుట్టిన పిల్లలనే, అలా పుట్టినట్టు పత్రాలున్న చోటే తీసుకోండి. దొంగదారిన వచ్చిన చేపను కొంటే దాని బదులు నదిలోంచి ఇంకొకటి బయటికొస్తుంది. ఆ నదిలో ఇక పోగొట్టుకోవడానికి ఎక్కువ లేవు.

దుకాణంలో చేపను పైనుంచి చూసి తృప్తిపడకండి. కడుపు చూడాలి. అద్దానికి అతుక్కున్నప్పుడు కడుపు చదునుగా లేదా కాస్త గుండ్రంగా ఉండాలి. పక్కటెముకల కింద గుంటపడి ఉంటే అది చాలా రోజులుగా తినలేదు. పేగులో దానికి తోడ్పడే సూక్ష్మజీవులు కూడా పోయి ఉంటాయి. అలాంటిదాన్ని తిరిగి కోలుకునేలా చేయడం అనుభవమున్నవాళ్లకే కష్టం. కళ్లు లోపలికి పోయి ఉంటే అసలు వద్దు. కంటిపాపలో పైనుంచి దిగే చిన్న పొర వెలుతురులో పాపను గుర్రపునాడాలా చేస్తుంది. అది రోగం కాదు, వెలుతురుని అదుపు చేసే ఏర్పాటు. దాన్ని చూసి కంగారుపడకండి.

తొట్టి, రాళ్లు, వడి

15 సెంటీమీటర్ల లోపు పెరిగే జాతులకు 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తున్న తొట్టి మంచి మొదలు. పేరుకి 243 లీటర్లు. రాళ్లు, ఇసుక పోను 190 నుంచి 200 లీటర్ల నీళ్లు పడతాయి. ఎత్తు పెంచుకోవడం వల్ల ఈ చేపలకు ఒరిగేదేమీ లేదు, నేల వైశాల్యమే ముఖ్యం. పనాకె, సూడాకాంథికస్ లాంటి 30 సెంటీమీటర్లు దాటేవాటికి ఈ తొట్టి చాలదు. పిల్లగా ఉన్నప్పుడు ముద్దొచ్చిందని తెచ్చుకోకండి.

రాళ్లు ముందు, ఇసుక తర్వాత. ఈ క్రమం మారిస్తే ప్రమాదం. ప్లెకోలు రాతి కింద ఇసుక తవ్వుతాయి. ఇసుక మీద నిలబెట్టిన రాయి ఒక రాత్రి ఒరిగి చేపనో అద్దాన్నో పగలగొడుతుంది. అడుగు అద్దం మీద పల్చటి ప్లాస్టిక్ జాలీ పరిచి, బరువైన గుండ్రాళ్లు నేరుగా దాని మీద పెట్టండి. వాటి మీద చిన్నవి పేర్చండి. చేత్తో గట్టిగా కదిపి చూడండి, కదిలితే మళ్లీ పేర్చండి. ఆ తర్వాతే రెండు సెంటీమీటర్ల మందాన సన్న ఇసుక పోయండి. రాయి మీద రెండు చుక్కల వెనిగర్ వేస్తే నురగ వస్తే అది సున్నపురాయి, నీళ్లను కఠినజలంగా మారుస్తుంది, పక్కన పెట్టేయండి. వాడి అంచులున్నవీ వద్దు. చేప సందులోకి దూరి వీపు ముల్లు నిక్కబొడిచి బిగుసుకుంటుంది. వాడి రాతి మధ్య అలా బిగుసుకుంటే ఒళ్లు చీరుకుపోతుంది. సందు ఎత్తు, రెక్కలు ముడుచుకున్న చేప ఎత్తు కంటే ఒక వేలు ఎక్కువుంటే చాలు. విశాలమైన గుహలో చేప నిశ్చింతగా ఉండదు.

ఇక ప్రవాహం. పంపు డబ్బా మీది అంకె చాలామందిని తప్పుదోవ పట్టించేది ఇక్కడే. గంటకు 4,000 లీటర్లు తోసే పంపులు 200 లీటర్ల నీళ్లను గంటకు ఇరవైసార్లు తిప్పుతాయి. వినడానికి భీకరంగా ఉంటుంది. అదే నీళ్లను తొట్టి అడ్డుకోత అంతా పరిచి లెక్కేస్తే సగటు వేగం సెకనుకు సెంటీమీటరు కూడా ఉండదు, 0.6 దగ్గర తేలుతుంది. కాబట్టి నీళ్లను అంతటా పరచొద్దు. పంపు మూతిని రెండు వరసల రాళ్ల మధ్య ఉన్న ఇరుకు కాలవలోకి గురిపెట్టండి. సరిపోయిందో లేదో చూడటానికి చిటికెడు పొడి మేత ఆ కాలవలో వదలండి. పంపు మూతి ముందు 30 సెంటీమీటర్లు ఒకటిన్నర సెకన్లలోపు దాటితే వడి సరిపోయినట్టే. పక్క రాయి వెనక అదే మేత నిదానంగా సుడి తిరుగుతూ ఉండాలి. చేప పడుకునేది ఆ సుడి దగ్గరే. అలాంటి చోటు లేకపోతే వడి ఎక్కువైందని అర్థం.

నీళ్లు ఒక దిక్కుకే పారేలా చేయాలంటే ఇసుక కింద గొట్టాలు వేయడం మంచి ఉపాయం. కావలసినవి: గంటకు 2,000 లీటర్లు తోసే పవర్‌హెడ్లు (నీళ్లలో ముంచి నడిపే చిన్న పంపులు) రెండు, 32 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం రెండు వరసలకు సరిపడా, నాలుగు మోచేతులు (గొట్టాన్ని మలుపు తిప్పే ముక్కలు), ముతక స్పాంజి గొట్టాలు రెండు. పంకా తరహా పంపులు దీనికి పనికిరావు, అవి గొట్టంలోంచి నీళ్లు లాగలేవు. నీళ్లు పీల్చే మూతికి గొట్టం తగిలించగలిగే రకం కావాలి. తొట్టి ఒక కొసన స్పాంజి గొట్టం నిలువుగా, దాని కింద మోచేయి, అక్కడినుంచి అడుగున పొడవునా గొట్టం, ఇంకో కొసన మోచేయి పైకి, దాని మీద పంపు. రెండో వరస కూడా సరిగ్గా ఇలాగే. నీళ్లు పంపు నుంచి స్పాంజి వైపు పైన పారి, ఇసుక కింద గొట్టంలోంచి తిరిగొస్తాయి. అతుకులకు జిగురు అక్కర్లేదు. నొక్కి బిగిస్తే చాలు. కొంచెం కారినా తొట్టిలోనే కదా, పైగా కడగాలన్నప్పుడు సులువుగా ఊడి వస్తుంది. 20 మిల్లీమీటర్ల గొట్టం వాడితే పంపు గొంతు నొక్కినట్టే, సగం నీళ్లు కూడా తోయదు.

ఆ స్పాంజీలు వారానికోసారి తొట్టి నీళ్లలోనే పిండాలి. కుళాయి కింద కడిగితే క్లోరిన్ వాటిలోని మంచి బాక్టీరియాను చంపేస్తుంది. పిండకుండా వదిలేస్తే మూడో వారానికి వడి తగ్గిపోతుంది. మెల్లగా తగ్గుతుంది కాబట్టి కంటికి తెలియదు. చేప పైకెక్కి కూర్చున్నాకే తెలుస్తుంది.

ఈ ఏర్పాటుకి తోడు విడిగా ఒక కానిస్టర్ ఫిల్టర్ (తొట్టి బయట పెట్టే మూసిన డబ్బా ఫిల్టర్) ఉండాలి, దాని నీళ్లు పైపొర మీద పడి అలలు లేవాలి. హీటరు 300 వాట్లది ఒకటి కాకుండా 150 వాట్లవి రెండు పెట్టండి. ఒకటి ఆగకుండా మండుతూ పోయినా తొట్టి ఉడికిపోదు. రెండింటికీ జాలీ తొడుగు తప్పనిసరి. ప్లెకోకు హీటరు కూడా రాయిలాగే కనిపిస్తుంది, దాన్ని కరుచుకుని కడుపు కాల్చుకుంటుంది.

నీళ్లు

ఫిల్టర్ పండటానికి, అంటే మలం నుంచి వచ్చే అమ్మోనియాను విరిచే బాక్టీరియా అందులో పెరగడానికి, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అది పూర్తయి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేప. పీహెచ్ 6 నుంచి 7.2 మధ్య ఉంటే మంచిది, జాతిని బట్టి ఇంకాస్త ఎక్కువున్నా సర్దుకుంటాయి. కానీ పీహెచ్ ఎక్కువున్నవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. 28 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన భాగం 0.7 శాతం. పీహెచ్ 8 ఉంటే 6.5 శాతం. పరీక్షలో ఒకే అంకె వచ్చినా రెండో తొట్టిలో చేపకు తొమ్మిది రెట్లు ఎక్కువ విషం. నైట్రేట్ లీటరుకు 20 మిల్లీగ్రాములు దాటనివ్వకండి.

వారానికి రెండుసార్లు పాతిక శాతం చొప్పున నీళ్లు మార్చడం, వారానికోసారి సగం మార్చడం కంటే నయం. కొత్త నీళ్లను డ్రమ్ములో పోసి, క్లోరిన్ విరుగుడు వేసి, ఎయిర్ స్టోన్‌తో కొన్ని గంటలు చిలకండి. కుళాయిలో ఒత్తిడి మీద వచ్చిన నీళ్లలో గాలి అవసరానికి మించి కరిగి ఉంటుంది. నేరుగా పోస్తే చేప రెక్కల మీద, కళ్ల చుట్టూ బుడగలు పట్టి గాయపడొచ్చు.

ఇంటికి తేవడం

వల వాడకండి. బుగ్గల మీద, రెక్కల ముళ్ల మీద ఉన్న కొక్కేల్లాంటి పళ్లు వల దారాలకు చిక్కుకుంటాయి. లాగితే చర్మం ఊడుతుంది. ప్లాస్టిక్ డబ్బా అడ్డుపెట్టి, చేత్తో మెల్లగా అందులోకి తోలండి. ఒకవేళ ఇప్పటికే వలలో చిక్కుకుంటే చేపను నీళ్లలోనే ఉంచి వలను కత్తిరించండి. వల మళ్లీ కొనుక్కోవచ్చు. సంచి ఒకటి సరిపోదు, రెండు మందపాటి సంచులు, మధ్యలో తడిపిన కాగితం. ఒక సంచిలో ఒకే చేప. ప్రయాణానికి ఒక రోజు ముందు మేత ఆపమని అడగండి. లేకపోతే దారిలో దాని మలమే దాన్ని చంపుతుంది.

ఇంటికొచ్చాక సంచి నీళ్లు తొట్టిలో పోయకండి. నాలుగు నుంచి ఆరు వారాలు వేరే తొట్టిలో, నల్లటి గొట్టం ముక్క ఒకటి దాక్కోవడానికి ఇచ్చి, గట్టిగా గాలి పెట్టి ఉంచండి. మొదటి రెండు రోజులు దీపం వేయొద్దు. మూడో రోజు రాత్రి తిన్నదా లేదా పొద్దున్నే చూడండి. ఆ వారంలోనే, చేప కుదురుగా ఉన్నప్పుడు నిమిషానికి మొప్ప ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కపెట్టి రాసుకోండి. ఒక్కో చేపకు ఒక్కో అంకె. తర్వాత ఎప్పుడైనా అనుమానం వస్తే పోల్చుకోవడానికి ఆ అంకె ఒక్కటే మీకు దిక్కు.

మేత

వెచ్చని తొట్టిలో జెలటిన్‌తో చేసిన మేత పెట్టి, పొద్దున కరిగిపోయి నీళ్లు పాలలా అయ్యాయని బాధపడేవాళ్లున్నారు. జెలటిన్ 30 డిగ్రీల దగ్గర మెత్తబడిపోతుంది. అగర్ అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే గడ్డకట్టించే పొడి) వాడండి. ఒకసారి గట్టిపడితే అది దాదాపు 85 డిగ్రీల దాకా కరగదు.

మాంసాహార జాతులకు: పొట్టు తీసిన రొయ్య 200 గ్రాములు, కొవ్వు లేని తెల్ల చేప 100 గ్రాములు, స్పిరులినా పొడి 10 గ్రాములు మెత్తగా రుబ్బుకోండి. 250 మిల్లీలీటర్ల నీళ్లలో 6 గ్రాముల అగర్ వేసి రెండు నిమిషాలు ఉడికించండి. చేయి పెట్టగలిగేంత, 50 డిగ్రీల దాకా చల్లారాక రుబ్బినది కలపండి. రుబ్బిన ముద్ద కూడా గోరువెచ్చగా ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసినది అలాగే కలిపితే అగర్ అప్పటికప్పుడే ఉండలు కడుతుంది, 40 దిగితే ఎలాగూ గడ్డకడుతుంది. మరిగే నీళ్లలో కలిపితే విటమిన్లు పోతాయి. పల్చటి పళ్లెంలో పోసి, ఆరాక చిన్న ముక్కలు కోసి గడ్డకట్టించి దాచుకోండి. పాకుడు తినేవాటికి ఇదే పద్ధతి, సరుకు వేరు: ఉడికించి పొట్టు తీసిన పచ్చి బఠాణీ, జుకిని కలిపి 250 గ్రాములు, స్పిరులినా 40 గ్రాములు, రొయ్య 30 గ్రాములు మించకుండా.

పాకుడు తినేవాటికి మేత గిన్నెలో కంటే రాయి మీద ఉండటం ముఖ్యం. అవి రోజంతా గీకుతూనే ఉండే చేపలు. ఒక బకెట్లో మార్చిన తొట్టి నీళ్లు పోసి, నాలుగు గులకరాళ్లు వేసి ఎండలో పెట్టండి. రెండు మూడు వారాల్లో రాయి మీద పచ్చటి మెత్తటి పాకుడు పడుతుంది. రెండు రాళ్లు తొట్టిలోకి, నున్నగా గీకేసినవి తిరిగి బకెట్లోకి. చెరువు రాళ్లు మాత్రం తేవొద్దు, పురుగులూ నత్తలూ వెంట వస్తాయి.

పనాకెకు కొయ్య ఇవ్వాలి, కానీ కొయ్య మీదే వదిలేయకండి. ఈ చేపలు కొయ్య తిని జీర్ణం చేసుకుంటాయని చాలాకాలం అనుకున్నారు. 2009లో డొనోవన్ జర్మన్ ప్రచురించిన పరిశోధనలో కొయ్య నాలుగు గంటల్లోపే పేగులోంచి బయటికొచ్చేస్తోందనీ, అందులోని సెల్యులోజ్ వాటికి పెద్దగా ఒంటబట్టడం లేదనీ తేలింది. కొయ్యకు పట్టిన సూక్ష్మజీవుల పొర, కుళ్లిన భాగం వాటికి ఆహారం. కొయ్య ఉన్నా కూరగాయ మేత రోజూ పెట్టాలి.

ఏ జాతికైనా మేత దీపాలు ఆర్పిన అరగంటకు వేయండి. వడి మేతను ఈడ్చుకెళ్లకుండా రాయి చాటున పెట్టండి. పొద్దున మిగిలినది తీసేయండి. వడిలో బతికే చేప ఖర్చు ఎక్కువ కాబట్టి వారంలో ఒక రోజు పస్తు అన్న సలహాను చిన్న చేపలకు పాటించకండి.

తేడా వచ్చినప్పుడు

చేప రాయి వదిలి పంపు మూతి దగ్గర, పైపొర కింద అంటుకుని ఉంటే ముందు వేడిమి, తర్వాత పంపు వడి, తర్వాత అమ్మోనియా చూడండి. చేప అక్కడికి వెళ్లింది ఊపిరి కోసం. వెంటనే ఎయిర్ పంపు వేసి, 30 శాతం నీళ్లు మార్చండి.

కరెంటు పోవడం ఈ తొట్టికి అన్నిటికంటే పెద్ద ముప్పు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు, రెండు ఎయిర్ స్టోన్లు కొని సిద్ధంగా పెట్టుకోకుండా ఈ చేపల్ని తేవద్దని మా గట్టి సలహా. అది లేనప్పుడు చెంబుతో నీళ్లు తీసి జానెడున్నర ఎత్తు నుంచి మళ్లీ తొట్టిలోకి పోస్తూ ఉండాలి. మేత ఆపేయండి. కరెంటు వచ్చాక తొందరపడి కానిస్టర్ ఆన్ చేయకండి. గంట రెండు గంటలు మూసి ఉన్న డబ్బాలో ప్రాణవాయువు అయిపోయి బాక్టీరియా చావడం మొదలవుతుంది. ఆన్ చేస్తే ఆ కుళ్లు నీళ్లన్నీ తొట్టిలోకొస్తాయి. డబ్బా విప్పి, లోపలి నీళ్లు పారబోసి, లోపలి స్పాంజీలూ గుళికలూ తొట్టి నీళ్లలో జాడించి అప్పుడు పెట్టండి.

తెల్లమచ్చలకు రాగి ఉన్న మందు వాడొద్దు. మలకైట్ గ్రీన్ వాడాల్సి వస్తే సగం మోతాదుతో మొదలుపెట్టండి. వేడిమి పెంచే వైద్యం కొండవాగు జాతులకు అసలు పనికిరాదు. తింటున్నా కడుపు గుంటపడుతూ, తెల్లటి దారంలా మలం వేలాడుతుంటే పేగు పురుగులని అనుమానించాలి. లీటరుకు 2.5 మిల్లీగ్రాముల ప్రజిక్వాంటెల్ బద్దెపురుగులకు పనిచేస్తుంది. మందు వేసినన్నాళ్లూ గాలి రెండింతలు పెట్టండి.

జీబ్రా గుడ్లు పెట్టాలంటే

ఐదారు చేపల గుంపు కావాలి. పెద్దవడానికి రెండు మూడేళ్లు పడుతుంది. మగదానికి తల వెడల్పు, మొప్ప పక్కన, రొమ్ము రెక్క ముల్లు మీద ముళ్లు పొడుగ్గా ఉంటాయి. మట్టి గుహలు 12 నుంచి 15 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు, 3 ఎత్తు, ఒక కొస మూసి ఉండాలి. మగవాటి లెక్క కంటే రెండు గుహలు ఎక్కువ పెట్టండి. మూతి ప్రవాహానికి ఎదురుగా కాకుండా పక్కవాటుగా ఉంచితే లోపల నీళ్లు మెల్లగా మారుతూ ఉంటాయి.

రెండు మూడు వారాలు నీళ్ల మార్పులు తగ్గించి, వేడిమి 30 దాకా పెంచి, మేత కాస్త తగ్గించండి. నదిలో ఎండాకాలం అలాగే ఉంటుంది. తర్వాత మూడు నాలుగు రోజుల పాటు, రోజూ మూడో వంతు నీళ్లు 26 డిగ్రీల మృదుజలంతో (లవణాలు తక్కువున్న నీళ్లతో) మార్చి, వడి పెంచి, మేత బాగా పెట్టండి. మగది ఆడదాన్ని గుహలో వెనక్కి నెట్టి మూతికి అడ్డంగా పడుకుంటుంది. ఇది కొన్ని రోజులు సాగవచ్చు, విడదీయకండి.

గుడ్లు పది పన్నెండు మాత్రమే, నారింజ రంగులో ఉంటాయి. సుమారు వారానికి పొదుగుతాయి. పుట్టిన పిల్లకు తనకంటే పెద్ద పచ్చసొన సంచి వేలాడుతుంది. అది కరగడానికి ఇంకో పది నుంచి పద్నాలుగు రోజులు. అంతదాకా మేత వేయకూడదు, వేస్తే కుళ్లి పిల్లలకు చేటు. తండ్రి రెక్కలతో విసురుతూ ఉంటే కదిలించకండి. గుడ్లను బయటికి నెట్టేస్తే మాత్రం తేలే జాలీ పెట్టెలోకి మార్చి, ఎయిర్ స్టోన్ బుడగలు పక్కగా వెళ్లేలా పెట్టండి. గుడ్లు మెల్లగా ఊగాలి, దొర్లకూడదు. తెల్లబడిన గుడ్డును అదే రోజు తీసేయండి, లేకపోతే బూజు పక్కవాటికి పాకుతుంది. సంచి కరిగి కడుపు చదునైన రోజున మొదటి మేత: అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యపిల్లలు), మెత్తగా నలిపిన మేత బిళ్ల. రోజుకి మూడుసార్లు చిటికెడు వేసి, రాత్రి పెట్టె అడుగు సన్నటి గొట్టంతో పీల్చి శుభ్రం చేయండి.